గుండెపెట్టె సిస్టరమ్మ

మా సిస్టరమ్మ గురువారం పొద్దున పోయింది. అశోక్‌నగర్ స్టడీహాల్లో ఉండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసి, “అక్క లేదు బిడ్డా” అని ఒక్క మాటే అన్నది. పుస్తకం మూయకుండానే లేచి చిక్కడపల్లి దాకా నడిచాను. ఏడాదిగా కిడ్నీల జబ్బుతో ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న మనిషే. అయినా ఆమె పోతుందని నాకెప్పుడూ అనిపించలేదు. చావును అన్నిసార్లు వెనక్కి నెట్టిన మనిషి కదా.

సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. ఆమె డాబా మీది గదిలో మూడేళ్లుగా నేను కిరాయికి ఉంటున్నాను. అదే డాబా మీద సాయంత్రాలు ఆమె క్లాసు నడిచేది. బొమ్మ కొనే తాహతు లేక దిండు గలీబులో ఊక కూరి మనిషిని చేసింది. గుండె ఆగి పడిపోయినవాడి రొమ్ము మధ్య ఎట్లా ఒత్తాలో పాలవాడికి, ఇస్త్రీ ఆయనకు, దొరికినవాళ్లందరికీ దాని మీదే నేర్పేది. మోచేయి వంగితే చాలు, స్కేలుతో తట్టేది. “కారం దంచుతున్నవా? భుజంల బలం పెట్టు.”

బాగ్ లింగంపల్లి సభల్లో పంచిన కరపత్రాలన్నీ చదివి పక్క కింద దాచుకున్న నాకు ఇదంతా నచ్చలేదు. “ఇది సర్కారు చెయ్యాల్సిన పని సిస్టరమ్మా. మీరు చేస్తే వాళ్లు తప్పించుకుంటరు” అని గొంతు పెంచాను.

“నిజమే బిడ్డా. దరఖాస్తు రాయి, సంతకం పెడ్త. రాసేలోపు జర ఈ మెత్త మీద ఒత్తు.”

ఒత్తాను. దరఖాస్తు కూడా రాశాను. జవాబు రాలేదు. ఆమె మాత్రం నన్ను వెంటబెట్టుకుని, నారాయణగూడలో సిటీ బస్సెక్కి, ఉప్పల్‌లో మారి, ఆదివారం ఆదివారం మా ఊరికే రావడం మొదలుపెట్టింది. “పట్నంల పడితే సందుకో దవాఖాన. మీ ఊర్ల అంబులెన్సు వచ్చేదాక ఆ మనిషిని ఎవలు పట్టుకోవాలె?” అనేది. బీడీలు చేసే ఆడవాళ్లు తొమ్మిది మంది నేర్చుకున్నారు. తెలిసిన డాక్టర్లనందరినీ అడిగి ఒక మిషన్ కూడా సంపాదించింది. అట్టలు రొమ్ముకు అంటిస్తే, గుండె తీరు అదే చూసుకుని, అవసరమైతే షాకిచ్చే మిషన్. దాన్ని ఇనుప డబ్బాలో పెట్టి పంచాయతీ ఆఫీసు వరండా గోడకు బిగించాం. ఊళ్లో దాన్ని గుండెపెట్టె అన్నారు.

దసరాకు ఆడవాళ్లు ఆ డబ్బాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. నాకు మండిపోయింది. “మిషన్‌కు పూజేంది? గిందుకేనా నేర్చుకున్నది?”

వాళ్లలో పెద్దామె నా వైపు చూడను కూడా చూడలేదు. “ట్రాక్టర్‌కు చేస్తం, బోరు మోటర్‌కు చేస్తం. పానం కాపాడేదానికి చెయ్యద్దా?”

సిస్టరమ్మ నవ్వింది. “చేసుకోండ్రి. మూత తీసే కాడ దండ అడ్డం రావద్దు, గంతే.”

ఆ వారమే చేలల్లో రెండు మోటార్లు దొంగలెత్తుకుపోయారు. ప్రజల ఆస్తిని ప్రజలే కాపాడుకోవాలని ఉపన్యాసమిచ్చి, గుండెపెట్టెకు తాళం వేసినవాణ్ణి నేనే. ఆమెకు చెప్పలేదు. తర్వాతి ఆదివారం బస్సు దిగి చూసింది.

“తాళంచెవి యాడున్నది?”

“ఒకటి కారోబార్ దగ్గర, ఒకటి నా దగ్గర.”

పంచాయతీ పన్నులు వసూలు చేసే ఆ కారోబార్ అత్తగారి ఊరికి పోయాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను. నా తాళంచెవి చిక్కడపల్లి గదిలో, వేరే ప్యాంటులో ఉంది.

“ఎవడన్న ఎత్తుకపోతే ఇంకోటి అడుక్కొస్త బిడ్డా. మనిషిని యాడికెళ్లి తేవాలె?” అన్నది మెల్లగా.

ప్రజలు, ఆస్తి అంటూ నేనింకా వాదిస్తూనే ఉన్నాను. అంతలో రోడ్డవతల కేక వినిపించింది. ట్రాక్టర్ నడిపే మా వాడకట్టు అన్న ఒకాయన, ఇంజను పక్కనే వెల్లకిలా పడి ఉన్నాడు. ఆమె పరుగెత్తింది. అరవై దాటిన మనిషి అట్లా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ల మీద కూలబడి ఒత్తడం మొదలుపెట్టింది. పెద్దామె అంబులెన్సుకు ఫోన్ చేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒకరు అలిసేలోపు ఇంకొకరు అందుకున్నారు, మధ్యలో ఒక్క దెబ్బ తప్పలేదు. నేను గడ్డపార కోసం మూడిళ్లు తిరిగాను. తాళం మూడో దెబ్బకు గానీ విరగలేదు. అప్పటిదాకా ఆ మనిషి నెత్తుటిని నడిపింది ఆ నాలుగు చేతులే.

అట్టలు అంటించగానే మిషన్ ఇంగ్లీషులో మాట్లాడింది. ఆమె తెలుగులో అరిచింది: “ఎవలూ ముట్టద్దు.” షాక్ తగిలింది. మళ్లీ ఒత్తారు. ఎంతసేపో చెప్పలేను. ఆయన గొంతులో గురకలాంటి చప్పుడు వచ్చింది, తర్వాత దగ్గు. నేను దేవుణ్ణి నమ్మను. కానీ ఆ మట్టిలో అప్పుడు నేను చూసినదానికి నా కరపత్రాల్లో మాట లేదు.

అంబులెన్సు వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. ఆయన బతికాడు. మొన్న గురువారం సిస్టరమ్మ పాడెకు ముందు భుజం పట్టింది ఆయనే.

అంబులెన్సు పోయాక ఆమె పంచాయతీ మెట్ల మీద కూర్చుంది. నేను తలెత్తలేకపోయాను. “ఏమన్నా అనండి సిస్టరమ్మా.”

“తర్వాత తిడ్త. ముందు నీళ్లు తాపు.”

గ్లాసు అందుకోబోయింది, చేతులు లేవలేదు. నేనే నోటికి పట్టాను. సగం నీళ్లు గదవ మీదుగా కారి చీరలో ఇంకిపోయాయి. ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న ఆ చేతులు, ఆమెకు తెలియకుండానే, ఇంకా ఒత్తుతూనే ఉన్నాయి.