చేప ముట్టని నెల

నేను పదో తరగతి చదివిన ఆ రోజుల్లో మా ఇంట్లో కాగితం చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం గర్వంగానూ, చాలా సిగ్గుగానూ ఉంటుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో ఓడెక్కి ఈ దీవికొచ్చి వండూర్‌లో స్థిరపడ్డ చేపల వేట కుటుంబం మాది. నాన్న హిందీ దంచి మాట్లాడేవాడు కానీ అక్షరమ్ముక్క రాదు. తెలుగులో సంతకం ఒక్కటే వచ్చు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి ఓడ టిక్కెట్టు దాకా ఏది వచ్చినా చదివి చెప్పే ఉద్యోగం నాది. (అంత అధికారం చేతిలో ఉంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?)

ఆ ఏడు బళ్లో టీకా అన్నారు. తండ్రి సంతకం పెట్టిన ఫారం తెస్తేనే సూది. నాకు అలలంటే భయం లేదు, పామంటే భయం లేదు, సూదంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. నర్సు దీదీ బడి గుమ్మంలో కనబడితే చాలు, కడుపునొప్పి వచ్చేది. (నిజం నొప్పే, ఒట్టు.) సంతకం పెట్టొద్దని నాన్నని అడిగే ధైర్యం లేక ఒక ఉపాయం పన్నాను. సాయంత్రం డింగీ పడవని ఒడ్డుకి లాగి వల సర్దుకుంటున్న నాన్న ముందు నిలబడి, హిందీ ఫారం తెలుగులో చదివి వినిపించాను. అంతా ఉన్నదున్నట్టే చదివి, చివర్న నా సొంత వాక్యం ఒకటి కలిపాను.

"టీకా ఏయించుకున్నోళ్లు నెల్రోజులు చేప తినకూడదంట నానా."

చేప లేనిదే ముద్ద దిగని ఇల్లు మాది. ఆ ఫారం చించి సముద్రంలో పారేస్తాడని నా ధీమా. నాన్న వల పక్కన పెట్టాడు.

"ఏ జబ్బుకే ఇది?"

"ధనుర్వాతం అని రాసుంది."

"మా అన్నకి తుప్పట్టిన గేలం గుచ్చుకున్నాది. దవడలు బిగిసిపోయి పోనాడు. నీ ఈడే వాడిది" అన్నాడు. అలాంటి పెదనాన్న ఒకడు ఉండేవాడని నాకు అప్పటిదాకా తెలీదు. "నెలేనా? ఏడాది మానమన్నా ఏయిస్తాను. ఇలా తే పెన్ను."

పొలుసు అంటుకున్న ఆ ఫారం చూసి నర్సు దీదీ ముక్కు మూసుకుని నవ్వింది. "డరో మత్ బేటా, చీంటీ కాటేగీ, బస్" అంది. నిజంగానే చీమ కుట్టినట్టే ఉంది. అసలు నొప్పి ఇంటికొచ్చాక మొదలైంది. అమ్మ నా కంచంలో పప్పు వేసింది. నాన్న చేపముక్క వద్దని తనూ పప్పే వేయించుకున్నాడు.

"ఏటి, నీకూ సూదేసారేటి?" అంది అమ్మ.

"గుంట ముందు కూకుని నానెలా తింతానే?"

పొద్దంతా చేపలు పట్టి, ఇంటికొచ్చి బెండకాయ పులుసు తినే మనిషి దీవి మొత్తానికి మా నాన్న ఒక్కడే అయ్యుంటాడు. జెట్టీ దగ్గర తోటివాళ్లు "బావా, మాలేసుకున్నావేటి?" అని ఆట పట్టించేవారు. పదో రోజున పక్కింట్లో నెత్తళ్లు వేయిస్తుంటే ఆ వాసనకి నాకు ఏడుపొచ్చేసింది. ఆ వాసనకే నాన్న కలుపుతున్న చెయ్యి ఆగడం చూసి, నిజం నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నెల నిండిన రోజు పెద్ద సురమై చేప తెచ్చి, తలకాయ ముక్క నా కంచంలో వేయించి, ఆ తర్వాతే తను తిన్నాడు.

ఇప్పుడు నేను బ్రూక్షాబాద్‌లో టీచర్ని. నాన్న పోయి మూడేళ్లయింది. మొన్న మా బళ్లో ఆడపిల్లలకి టీకా ఫారాలు పంచుతుంటే ఒక పిల్ల "మిస్, మా ఇంట్లో నేనే చదివి చెప్పాలి" అంది. "ఉన్నదే చదువు తల్లీ" అన్నాను. ఇంటికొచ్చి నవ్వుతూ అమ్మ దగ్గర నా పాత నేరం ఒప్పేసుకున్నాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలైనా ఎత్తలేదు.

"మీ నానకి మర్నాడే తెలిసిపోనాది. నర్సు దీదీనే అడిగేసాడు."

"మరి నెలంతా ఎందుకు మానేశాడే?"

"నానూ అదే అడిగినాను. 'నిజం తెలిసిందంటే గుంట సిగ్గుపడిపోద్ది. అలాగని అదొక్కత్తే పప్పు తింతాదా?' అన్నాడు."

జబ్బ మీద వెతుక్కున్నాను. ఆ సూది మచ్చైనా మిగల్లేదు. నాన్నని మోసం చేశానని నెలంతా కుమిలిపోయిన ఆ తెలివితక్కువ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, అసూయగానూ ఉంటుంది. దాని ఎదురుగా కూర్చుని నాన్న పప్పన్నం తినేవాడు కదా! మళ్లీ ఆ ఫారం నా చేతికిచ్చి చదవమంటే, ఈసారి ఏడాది అని చదువుతాను.