గోడవతలి రెండు సిమ్ముల ఫోను

మా పెద్దబాపు కొడుకుతో నాకు మాటల్లేవు. పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న, ఆయన కొడుకు నాకు అన్న వరస. తగాదా పొలం గెట్టు దగ్గర మొదలైంది. గెట్టును ఆయన మా వైపు జరిపాడని నేనంటాను, వానకు కరిగిందని ఆయనంటాడు. వాన ఎప్పుడూ మా వైపే ఎందుకు కరిగిస్తుందో ఇంతవరకు చెప్పలేదు. మా రెండిళ్లకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటుంది. మా దగ్గర మాటలు తెగినవాళ్లు నోరు మూసుకుని ఊరుకోరు. అవతలివాడికి వినిపించాల్సింది గొడ్డుకో గోడకో చెబుతారు. ఆయన గోడ పక్కన కట్టేసిన బర్రెకు చెప్పేవాడు, నేను మా అమ్మకు చెప్పేవాణ్ణి. ఒక్క మాటా మాట్లాడుకోకుండానే ఏళ్ల తరబడి తిట్టుకున్నాం.

ఆ ఏడు నా భార్య తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆమెది ప్రాణహిత అవతల, చెన్నూరు వైపు పల్లె. మాది ఇవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచ పక్క ఊరు. ఎండాకాలంలో అయితే ఇసుకలో నడిచి ఒక పాయ పడవలో దాటితే చాలు. వానలకు నది నిండితే పడవలు కట్టేస్తారు, వంతెన అప్పటికింకా లేదు. ఆమెకు నెలలు నిండేది సరిగ్గా ఆ నీళ్ల కాలంలోనే. పడవెక్కుతూ ఆమె ఒక్కటే చెప్పింది.

“పుట్టినంక ఎవలతోని చెప్పియ్య, నేనే ఫోన్ జేస్త. నువ్వు జర ఎత్తు.”

“ఎత్తకుంట యాడికి వోత?” అన్నాను.

అన్నాను గానీ నా దగ్గరున్నది చార్జర్ తీగ పీకితే చచ్చిపోయే ఫోను. కొత్తది కొనాలి. నా బిడ్డ మొదటి కబురు దాని మీద రావాలి కాబట్టి ఆషామాషీగా కొనకూడదనుకున్నాను.

ఇక్కడ మా ఊరి సిగ్నల్ సంగతి చెప్పాలి. ఇండ్లన్నీ నది వైపు పల్లంలో ఉన్నాయి. అక్కడ సిరోంచ టవర్ అందదు, అవతలి ఒడ్డు టవర్ అందుతుంది. సిమ్ము మహారాష్ట్రది, టవర్ ఆంధ్రాది, తెలంగాణ అప్పటికింకా రాలేదు. అంటే సొంత ఇంట్లో సొంత మంచం మీద కూర్చున్నా రోమింగే. ఎవరైనా ఫోన్ చేస్తే, ఎత్తినందుకు కూడా మన బ్యాలెన్సే తెగుతుంది. అందుకని ఊరంతా ఒకటే పద్ధతి. ఇంట్లో మోగితే ఎర్ర బటన్ నొక్కి కట్ చేయాలి. రోడ్డు మీది మోరీ, అంటే చిన్న కల్వర్టు, దాకా నడవాలి. అక్కడ సిరోంచ టవర్ దొరుకుతుంది, అప్పుడు మనమే తిరిగి చేయాలి. సాయంత్రమైతే మోరీ మీద నిలబడడానికి జాగా ఉండేది కాదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఎర్ర బటన్ నేర్పడమే మా ఊరి ఫోన్ చదువు. మా అమ్మకు నేనే నేర్పాను. ఒకసారి మరిచిపోయి పచ్చది నొక్కితే కసిరాను కూడా.

ఏ ఫోన్ మంచిదని సిరోంచలో నేను పనిచేసే ఆఫీసులో అడగడం నేను చేసిన మొదటి బుద్ధి తక్కువ పని. ఎవడిది వాడికి బంగారం. తన పెండ్లాన్ని ఏనాడూ మెచ్చుకోని మనిషి కూడా తన ఫోన్ కెమెరాను అరగంట పొగిడాడు. ఇంకొకాయన తన దాంట్లో ఇంటర్నెట్ వస్తుందని పది మందిని పోగేసి, తెర మీది లోడింగ్ గీత నిండేదాకా అందరినీ నిలబెట్టి, చివరికి టీ తాగడానికి పోయాడు. స్మార్ట్‌ఫోన్ అనే మాట మాకింకా రాలేదు. తెర మీద గీకేవి, బటన్లు నొక్కేవి, మాకు తెలిసినవి ఆ రెండు జాతులే. నేను ఇద్దరిని బతిమాలి రెండు ఫోన్లు ఒక రాత్రికి ఇంటికి తెచ్చుకున్నాను. ఒకటి కెమెరాది, ఒకటి మామూలు బటన్లది. కెమెరాది తెల్లారేసరికి ఆరిపోయింది. బటన్లది కింద పడ్డా, అమ్మ తడి చేత్తో పట్టుకున్నా పనిచేసింది. దానికి టార్చి కూడా ఉంది. దాదాపు నిర్ణయించుకున్నాను.

సరిగ్గా అప్పుడే గోడవతల కొత్త ఫోన్ దిగింది. చైనా సరుకు. అరచేయంత తెర, దాని వీపున దూర్చిన పుల్ల, ఆ పుల్లతో తెర గీకడం. రెండు సిమ్ములు పడతాయట. స్పీకరైతే పెండ్లి బ్యాండే. పొద్దున్నే పాట పెట్టి ఆయన బర్రె దగ్గర నిలబడ్డాడు.

“సూసినవానే, దీంట్ల రెండు సిమ్ములు వడ్తయి. ఒకటి మనది, ఒకటి ఆంధ్రాది. ఇంట్ల పండుకోని మాట్లాడొచ్చు. మోరీ మీద నిలవడే కర్మ మనకేంది?”

బర్రె నెమరేస్తూ ఉంది. నేను మా అమ్మ వైపు తిరిగాను.

“అమ్మా, ఇద్దరు పెండ్లాలోడు ఏ ఇంట్లనన్న కడుపునిండ తిన్నడానే?”

ఆయన పాట శబ్దం ఇంకా పెంచాడు.

మరునాడు సిరోంచ బస్టాండు దగ్గరి దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నా ఊరి పేరు వినగానే చైనా ఫోనొకటి బల్ల మీద పెట్టాడు.

“సార్, మీ దిక్కోళ్లకు డబల్ సిమ్మే కరెక్టు. గీ సిమ్ము ఆఫీసుకు, అవతలి సిమ్ము ఇంటికి. పరేషానే ఉండది.”

“నాకొద్దు.”

“ఎందుకొద్దు సార్?”

ఎందుకంటే అది గోడవతల ఉంది. కానీ దుకాణదారుకు అలా చెప్పలేం కదా. పైన పటారం, లోన లొటారం అన్నాను. పేలుతుందన్నాను. అతను నా ముఖం వైపు ఓసారి చూసి బటన్ల ఫోన్ ఇచ్చాడు. దాన్ని ఇంటికి తెచ్చి, సిగ్నల్ బాగా అందే వాకిటి గుంజకు మేకు కొట్టి, పాలిథిన్ కవర్లో వేలాడదీశాను. వారం పాటు చార్జింగ్ అడగలేదు. గోడవతల మాత్రం రోజుకు రెండుసార్లు తీగ తగిలించేవారు. అది చూసినప్పుడల్లా నాకు అన్నం బాగా దిగేది.

మా వదిన, అంటే ఆయన భార్యది, నా భార్యదీ ఒకటే ఊరు. ఆడవాళ్లు మా తగాదాను ఏనాడూ లెక్కచేయలేదు. మేం పొలాలకు పోగానే గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. ఆ గిన్నెలతోపాటు ఫోన్ నంబర్లు కూడా చేతులు మారాయని నాకు తెలియదు.

వానలు ముదిరాయి. ఒక ఆదివారం పొద్దున మడి మునుగుతోందని పారతో పరుగెత్తాను. ఆ వానలో ఫోన్ తీసుకుపోలేక అమ్మకు అప్పగించాను. నీళ్లకు దారి తీసి, గెట్టు ఇంకెంత కరిగిందో కూడా చూసుకుని, బురద కాళ్లతో వాకిట్లోకి వచ్చేసరికి అమ్మ ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“పొద్దట్నుంచి ఒకటే మోగుడు బిడ్డా. మోగినప్పుడల్ల కట్ జేసిన. ఒక్కపారి గూడ ఆగం గాలే. ఒక్క పైస వోలే.”

అది నేను నేర్పిన చదువే, ఆమెను ఏమనాలి? ఫోన్ లాక్కుని మోరీ దాకా ఉరికాను. కరెంటు పోయి సిరోంచ టవర్ పడుకుంది. మోరీ మీద నాలాంటివాళ్లు నలుగురు ఫోన్లు ఆకాశానికి ఎత్తి నిలబడ్డారు. ఇంటికి ఉరికొచ్చి రోమింగ్‌లోనే చేద్దామని నొక్కితే బ్యాలెన్స్ చాలదని ఒక ఆడగొంతు హిందీలో చెప్పింది. రీచార్జి చేసే దుకాణం సిరోంచలో ఉంది, మధ్యలో రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. కాన్పు కష్టమైందేమో, అందుకే అన్నిసార్లు చేశారేమో అనిపించింది. ఆ భయం ముందు మిగతావేవీ గుర్తు లేవు.

అప్పుడు గోడవతల ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఓ బర్రె, ఇంటున్నవా? పక్కింటాయనకు బిడ్డ వుట్టింది. తల్లి మంచిగున్నది, బిడ్డ మంచిగున్నది. అవతలోళ్లు ఫోన్ జేస్తాంటె కట్ జేస్తున్నరట. ఇగ నాకు జేసిన్రు. ఒక్క రింగుకే ఎత్తిన.”

అమ్మ చేతులు జోడించింది. నాకు మాత్రం ముందు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. నాకు కూతురు పుట్టిన సంగతి నాకంటే ముందు బర్రెకు తెలిసింది. ఆ “ఒక్క రింగుకే” అన్న మాట ఆయన కావాలనే చివర పెట్టాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా?

ఆయన పుల్లతో తెర గీకాడు, ఫోన్‌ను తెచ్చి గోడ మీద పెట్టాడు, బర్రెను విప్పుకుని కొట్టంలోకి వెళ్లిపోయాడు. ఫోన్ అవతల రింగవుతోంది. ఆ వస్తువును నేను ముట్టుకోనని చేతులు వెనక్కి కట్టుకున్నాను. ముట్టుకోవాల్సిన పని లేకపోయింది. ఆ పెండ్లి బ్యాండు స్పీకరులోంచి పసిపిల్ల ఏడుపు గోడ దాటి, వాకిలి దాటి వాడంతా వినిపించింది. వదిన గడపలో నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను గోడ దగ్గరికి ఎప్పుడు వెళ్లానో నాకే తెలియదు.

ఏడుపు కాస్త తగ్గాక, ఫోన్ దగ్గర మా అన్నే ఉన్నాడనుకుని నా భార్య నీరసంగా అంది. “బావా, ఆయనకు జెప్పిన్రా?”

“నేనే,” అన్నాను.

స్పీకరు గరగరమంది. లైన్ తెగిందేమో అనుకుని, ముట్టుకోనన్న ఆ ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించాను.

“కొత్త ఫోన్ కొన్నవట గద,” అంది. “దేనికి?”