హిప్పీ తహసీల్దారు భార్య

తారాదేవి జీవితంలో నటించింది ఒక్కటే సినిమా. అంతకుముందు తెనాలిలో నాటకాలు ఆడేది. డెబ్బై మూడులో వచ్చిన ఆ సినిమా పేరు ‘హిప్పీ తహసీల్దారు’. వారం తిరక్కుండానే హాళ్లలోంచి ఎత్తేశారు. ఆడవాళ్లను చెడగొట్టే చిత్రమని పత్రికలు రాశాయి. ఆ తర్వాత ఆవిడ మొహానికి రంగు వేసుకోలేదు. భర్త వేసుకోనివ్వలేదు. ఆయన పోయాక సింగపూర్ వచ్చి, బూన్ లేలో కూతురు ఉమ ఫ్లాట్‌లో ఉంటోంది. అల్లుడు కృష్ణచైతన్య సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచిందని కృష్ణచైతన్య ఒక ఆదివారం స్నేహితులను భోజనానికి పిలిచాడు. గుత్తివంకాయ, పులిహోర అన్నీ తారాదేవే చేసింది. తెలుగు సంఘం కార్యదర్శి సుధాకరరావు భార్య సత్యవాణితో వచ్చాడు. అతని చేతిలో రెండు డిస్కుల వీసీడీ ఒకటి ఉంది.

“సెరంగూన్ రోడ్ షాపులో దొరికింది. పరమ చెత్త పిక్చరట. టైంపాస్‌కి నవ్వుకుందాం” అన్నాడు.

వంటింట్లో ఉన్న తారాదేవికి టీవీలోంచి తన గొంతు వినబడింది. కూర గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చింది. వాళ్లు కథంతా దాటించేసి, పూసల దండలతో ఆవిడ గంతులేసే చోట ఆపారు. “ఆ విగ్గు చూడండి!” అంటూ విరగబడి నవ్వుతున్నారు.

సత్యవాణి తెర వైపు వంగింది. “ఈవిడ అచ్చం మన ఆంటీలా లేదూ?”

కృష్ణచైతన్య మొహం మాడిపోయింది. “ఛ, కాదండీ. ఏవో పోలికలు. మా అత్తయ్యగారు అలాంటి వేషాలు వేసే మనిషి కాదు.”

ఉమకు నిజం తెలుసు. తల దించుకుంది.

తారాదేవికి ఒళ్లు మండిపోయింది. విగ్గు చూసి నవ్వినందుకు కాదు. ఆ విగ్గు పెట్టుకున్నదే నవ్వించడానికి. తను ఎదురుగా నిలబడి ఉండగా తనను కాదన్నారు. గిన్నెను బల్లమీద ఠక్కున పెట్టింది.

“అది నేనే. అలాంటి వేషాలంటే ఎలాంటివి, అల్లుడుగారూ?”

“అత్తయ్యగారూ, ప్లీజ్. తర్వాత మాట్లాడుకుందాం.”

“ఇన్నేళ్లూ అందరూ తర్వాతే అన్నారు. సుధాకరరావు గారూ, ఆ రిమోట్ ఇటివ్వండి. మొదటినుంచి చూసి, అప్పుడు చెత్త అనండి.”

సుధాకరరావు రిమోట్ ఆవిడ చేతికిచ్చాడు.

సినిమాలో ఒక తహసీల్దారు హిప్పీలను చూసి, ఆఫీసు మానేసి, గడ్డం పెంచి, గంజాయి పీలుస్తూ అరుగెక్కుతాడు. సంసారం మాయ అంటాడు. భోజనం వేళకు మాత్రం భార్యను కేకేస్తాడు. భార్య వేషంలో తారాదేవి జుట్టు విరబోసుకుని, నోట్లో చుట్టతో వచ్చి పక్కనే కూర్చుంటుంది. “నాకూ మాయేనండీ” అంటుంది. పొయ్యి ఎవరు వెలిగించాలి? పొద్దు వాలుతుంది. చివరికి ఆయన పిల్లిలా వంటింట్లోకి జారుకుంటాడు. కెమెరా ఆయన వెంట వెళ్లదు, భార్య మొహం మీదే ఉండిపోతుంది. లోపల గిన్నెలు పడుతున్న చప్పుడు, దగ్గు, తిట్టు. ఆవిడ కళ్లు మూసుకునే “స్వామీ, ఉప్పు ఎడమ పక్క డబ్బాలో” అంటుంది.

సత్యవాణి పకపకా నవ్వింది. ఆ వెనకే మిగతా ఆడవాళ్లూ. కృష్ణచైతన్య లేచి కారిడార్‌లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు సుధాకరరావు ఫోన్ చేశాడు. “ఆంటీ, ఉగాది ప్రోగ్రాంలో మీ సినిమా వేస్తాం. శాలువా కప్పి సన్మానం కూడా. కమిటీ వాళ్లు ఒక్కటే అంటున్నారు. పిల్లలు, స్పాన్సర్లు వస్తారు కదా, ఆ చుట్ట సీన్ కట్ చేద్దామని.”

“మరి తహసీల్దారు పీల్చే గంజాయి?”

“అది కామెడీ కదండీ!”

“మగాడు గంజాయి పీలిస్తే కామెడీ, ఆడది చుట్ట కాలిస్తే కత్తెరా? విజయనగరంలో మా అమ్మమ్మ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. ఆవిడ మీద ఏ కమిటీ వేశారయ్యా? వేస్తే మొత్తం వెయ్యండి. లేదంటే ఆ శాలువా మీరే కప్పుకోండి.” ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం కృష్ణచైతన్య ఇంటికి వస్తూనే, “సన్మానం వద్దన్నారట. నలుగురిలో నా పరువేం కావాలి?” అన్నాడు.

తారాదేవి నోరు తెరిచేలోగా ఉమ అందుకుంది. “ఆ రోజు అమ్మను కాదన్నది నువ్వు. నోరు మూసుకున్నది నేను. పరువు పోయింది అమ్మది. సారీ చెప్పు, చైతన్యా.”

అతను బ్యాగు సోఫాలో పడేసి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఉగాదికి సంఘం వాళ్లు వేరే సినిమా వేసుకున్నారు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం సత్యవాణి ఆ వీసీడీ పట్టుకుని, స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. కోతల్లేకుండా చూస్తామంది. ఉప్పు డబ్బా మాట దగ్గర వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. తారాదేవి చేతులు కట్టుకుని చూసింది.

“అక్కడ నా పెదవి వణికింది, చూశారా? నవ్వు ఆపుకోలేకపోయాను. అయినా డైరెక్టరు కట్ చెప్పలేదు. ఆ వణుకే కావాలన్నాడు. అంత తెలిసిన మనిషికి మళ్లీ ఒక్కరూ సినిమా ఇవ్వలేదు.”

“ఇంకా కోపం పోలేదా, ఆంటీ?” అంది సత్యవాణి.

“ఎందుకు పోవాలమ్మా?” అంటూ తారాదేవి లేచింది. “ఉండండి, రెండో డిస్కు పెడతాను.”