ఖగోళ పండితుడి వంకర వేలు

ఊళ్ళో అందరూ ఆయన్ని నకళ్ళాయన అనేవారు. సొంతంగా వేసిన బొమ్మ ఒక్కటీ లేదు పాపం. ఎప్పుడో పోయిన ఒక ఖగోళ పండితుడి చిత్రపటం మ్యూజియంలో ఉండేది. బళ్ళకీ కాలేజీలకీ దాని నకళ్ళు వేసివ్వడంతోనే ఆయన బతుకు తెల్లారిపోయింది.

అసలు పటంలో మొహం బాగానే కనిపించేది గానీ, టెలిస్కోపు పట్టుకున్న చెయ్యి పాత వార్నిషు కింద నల్లగా మసకబారిపోయింది. అందుకని మొదటి నకలు వేసేటప్పుడు పెళ్ళాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, చేతికి చీపురు కర్ర ఇచ్చి, ఆవిడ చెయ్యే వేసేశాడు. చిన్నప్పుడు తలుపు సందులో పడి ఆవిడ చిటికెన వేలు వంకర తిరిగింది. ఉన్నదున్నట్టు దించడం తప్ప ఇంకోటి రాని మనిషి, ఆ వంకరనీ దించాడు. తర్వాతి నకళ్ళన్నీ ఆ నకలు చూసి వేసినవే. రాత్రుళ్ళు చలిలో చుక్కలు చూసీ చూసీ పండితుడి వేలు కొంకర్లు పోయిందని మాస్టార్లు కథలల్లారు. అది విని ఆవిడ కడుపు పట్టుకుని నవ్వేది.

ఆవిడ పోయింది. ఊరందరి గోడలకీ పటాలిచ్చిన మనిషి ఇంట్లో ఆవిడ పటం ఒక్కటీ లేదు. ఎప్పుడూ "రేపు వేద్దాంలే" అనేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బెంగ పుట్టినప్పుడల్లా ఏదో ఒక బడికి వెళ్ళి, పండితుడి ముందు నిలబడి ఆ వేలు చూసుకునేవాడు.

అంతలో మ్యూజియంవాళ్ళు అసలు పటాన్ని శుభ్రం చేయించారు. వార్నిషు కింద నుంచి బొద్దుగా, వేళ్ళన్నీ తిన్నగా ఉన్న చెయ్యి బయటపడింది. ఇక నకళ్ళన్నీ దిద్దాలన్నారు. దిద్దడానికి ఆయన్నే పిలిచారు.

"ఒక్క బడిలోదైనా వదిలేయండమ్మా," అని మ్యూజియం అధికారిణి కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"తప్పని తెలిశాక ఎలా వదిలేస్తామండీ? పైపైన పూస్తే ఊరుకోం, గీకేసి వేయాలి. మీరు కాదంటే ఇంకొకరికి అప్పజెబుతాం."

పరాయివాడెవడో ఆ వేలి మీద కత్తి పెట్టడమా? ఆ మాట తట్టుకోలేక తనే ఒప్పుకున్నాడు.

"ముందు ఆ చెయ్యి కాగితం మీద దించుకో నాన్నా," అంది కూతురు.

"మీ అమ్మ వేలు చూసి వేసే ఖర్మ నాకేంటే? కళ్ళు మూసుకుని వేస్తాను!" అని కసిరాడు. అక్కడే తప్పు చేశాడు.

బడి బడికీ తిరిగి గీకాడు. గీకిన చోటల్లా బొద్దు చెయ్యి, తిన్నటి వేలు వేశాడు. చివరి పటం దగ్గర ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా కాగితం ముందేసుకున్నాడు. పండితుడి తిన్నటి వేలు వచ్చింది. చెరిపేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే. జన్మంతా చూసి వేయడమే తెలిసిన చెయ్యి, చివరిసారి చూసిందాన్నే వేస్తోంది. కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది. ఆయనకి భయం పట్టుకుంది.

"అమ్మ వేలు లోపలికి వంగేదా, బయటికా?"

కూతురు తన చిటికెన వేలు అటు వంచి చూసుకుంది, ఇటు వంచి చూసుకుంది.

"లోపలికే నాన్నా," అంది. మళ్ళీ బయటికి వంచి చూసుకుని, "కాదేమో," అంది.