బేస్తవారం వంతు

నర్సింగమ్మకు నోరెక్కువ, కోపమెక్కువ అని చిట్యాల చుట్టుపక్కల నాలుగూళ్లలో చెప్పుకునేవాళ్లు. ఎక్కువేమీ కాదు. ఆమె బతికిన బతుక్కి ఆ మాత్రం కోపం రాకపోతే ఒంట్లో ఉప్పూ కారం లేనట్టే. ఊళ్లో అందరికీ వచ్చే కోపమే ఆమెకూ వచ్చేది. అందరూ మింగేవాళ్లు, ఆమెకు గొంతు దిగేది కాదు.

మాదిగవాడలో ఏడిళ్లు. వారానికి దినాలూ ఏడే. ఎవరి తాతో ఎప్పుడో కూర్చుని ఇంటికొక దినం చొప్పున పంచిపెట్టాడు. ఆ దినాన ఆ ఇంటి ఆడమనిషి పొద్దు పొడవకముందే దొర గడీకి పోవాలి. వాకిలి ఊడ్చి, పశువుల కొట్టంలో పేడ తీసి, కట్టెలు మోసి, పొద్దుగూకాక ఇల్లు చేరాలి. కూలి లేదు. మధ్యాహ్నం గంజి పోస్తే దయ, పోయకపోతే అడిగే దిక్కు లేదు. దీన్ని వెట్టి అంటారు. నర్సింగమ్మది బేస్తవారం. పెళ్లయి వచ్చిన మర్నాడే బేస్తవారం కావడంతో, పసుపు బట్టలతోనే పేడ తట్ట ఎత్తింది. ఆ సంగతి పన్నెండేళ్లయినా మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు.

మొగుడు సోమన్న బావుల్లోంచి నీళ్లు తోడే తోలు మోట బొక్కెనలు కుట్టేవాడు. అతను కుట్టిన బొక్కెన కారదని పది ఊళ్లకు పేరు. చేతిలో అంత పనితనం ఉన్నవాడికి నోట్లో మాట మాత్రం దేవుడు పెట్టలేదు. ఏదడిగినా "నీ ఇష్టం" అనేవాడు. ఆ రెండు ముక్కలు వింటే నర్సింగమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది.

జర్మనీతో యుద్ధం మొదలైన ఏడు, దసరా నాడు, గడీ గుమాస్తా వాళ్ల పిల్ల మారెమ్మను ఎగాదిగా చూసి, "పదేండ్లు దాటినట్టున్నయి. ఉగాది నుంచి ఈ పిల్ల గూడ రావాలె, రోజూ పేడ తియ్యనీకి" అన్నాడు. వారానికొక దినం కాదు, రోజూ. సోమన్న తల దించుకున్నాడు. నర్సింగమ్మ నోరు తెరవబోతే ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి మీద కుండ పగిలింది. దానంతట అది పగల్లేదు.

దసరా పోయిన వారానికి ఆమె తమ్ముడు యోహాను వచ్చాడు. పదిహేనేళ్లప్పుడు మిషను వాళ్ల వెంట సికింద్రాబాదు లష్కరు పోయి, అక్కడే బాప్తిస్మం పుచ్చుకుని, గుర్రాల జీనులు కుట్టే దుకాణంలో కుదిరినవాడు.

"అక్కా, మా షావుకారు ఇంకొకర్ని పెట్టుకుంటడట. తోలుపని తెల్సినోడు గావాలె. బావ అసుంటి పనోడు దొరకడని నేనే చెప్పిన. హుసేన్ సాగరు ఒడ్డుకు, మేముండే వరుసలనే ఒక అర్ర ఖాళీ అయింది. కిరాయి నేను మాట్లాడిన. ఈ నెలాఖరు దాక ఆగుతడు, ఆ తర్వాత ఆగడు."

నర్సింగమ్మ మొగుడి వైపు చూసింది.

"నీ ఇష్టం" అన్నాడు సోమన్న.

"నువ్వు మనిషివా, మోట బొక్కెనవా? ఎటు గుంజితే అటు వస్తవు" అంది. కానీ ఆమె గుండె అప్పటికే లష్కరు పోయి కూర్చుంది. పిల్ల పేడ తట్ట ఎత్తకుండా ఉండే చోటు ఈ భూమ్మీద ఒకటుంది, దానికి కిరాయి కూడా మాట్లాడేశారు. ఇంకేం కావాలి?

మాట వాడలో పాకింది. మర్నాడు పొద్దున పెద్దమనిషి కిష్టయ్య వాకిట్లో ఏడిళ్లవాళ్లూ చేరారు. కిష్టయ్య చెడ్డవాడేం కాదు. కట్టుబాటు తెలిసినవాడు. కట్టుబాటు తెలిసినవాళ్లతోనే నర్సింగమ్మకు పడేది కాదు.

"పొమ్మనేటోళ్లం, వద్దనేటోళ్లం మేము గాదు బిడ్డా" అన్నాడు. "గని పొయ్యి ఆరిన ఇంటి దినం పక్కింటికి పోతది. పెద్దలు పెట్టింది. నీ బేస్తవారం జంగమ్మ మీద పడుతది. జర ఆలోచన జెయ్యి."

జంగమ్మది శుక్రవారం. ఆ వానకాలమే ఆమె మొగుడు పాము కరిచి పోయాడు. చంకలో రెండు నెలల పసిపిల్ల. గడీలోకి పసిపిల్లలను రానివ్వరు కాబట్టి, శుక్రవారం పూట ఆ పిల్లను చూసుకునేది నర్సింగమ్మే. మేకపాలు వేలితో నాకిస్తూ పొద్దు గడిపేది. ఇప్పుడు రెండు దినాలు జంగమ్మవే అయితే, ఆ పిల్లను ఎవరు చూడాలి? మిగతా దినాల్లో కూలి ఎక్కడ దొరకాలి? జంగమ్మ గోడకానుకుని పిల్లకు పాలిస్తూ నేల చూస్తోంది. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి తిట్టడానికి వీలుండేది.

"పక్కింటికి ఎందుకు పోవాలె పెద్దనాయినా?" అంది నర్సింగమ్మ. "ఇల్లే లేకుంటే దినమే లేదు. బేస్తవారం వాకిలి వాళ్లే ఊడ్చుకుంటరు అని గడీల చెప్పరాదా?"

"ఎవరు చెప్తరు?" అన్నాడు కిష్టయ్య, నిజంగానే తెలియనట్టు.

"మంచిగుంది. మనల మనం కోసుకుని పంచుకుంటం. గడీ దాక పోనీకి మాత్రం ఒక్కరికి కాళ్లు లేవు" అని లేచి వచ్చేసింది. అంత మాట అన్నదే గాని, తన కాళ్లు కూడా గడీ వైపు పోలేదు. అది ఆమెకు తెలుసు. అందుకే కోపం ఇంకా పెరిగింది.

"ముందు పోయి చూసి రా" అన్నాడు సోమన్న ఆ సాయంత్రం. పన్నెండేళ్ల కాపురంలో అతను చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. కూతురు కూడా వెళ్తుందని, కూర్చున్న పాటున చిన్న చెప్పుల జత కుట్టాడు. మారెమ్మకు అవే మొదటి చెప్పులు. ఊరందరికీ చెప్పులు కుట్టే ఇల్లే అది. గడీ ముందు నుంచి వాడవాళ్లెవరూ చెప్పులతో నడవకూడదు, ఊళ్లో ఏ దారైనా గడీ ముందు నుంచే పోతుంది. కాబట్టి ఆ ఇంట్లో పిల్లలకు చెప్పులతో పనిలేకపోయింది. పొలిమేర దాటాకే చెప్పులు తొడుక్కున్నారు తల్లీ కూతుళ్లు.

సోమవారం చిట్యాలలో మోటారెక్కి పట్నంలో దిగారు. అక్కడి నుంచి యోహాను వాళ్లను సాగరు కట్ట మీదుగా లష్కరుకు నడిపించాడు. అన్ని నీళ్లు ఒక్కచోట నర్సింగమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"దీని కింద ఎంత పారకముంటది తమ్మీ?" అంది.

"పారకం లేదక్కా, ఏ పొలానికీ పారదు. సాయంత్రం పూట జనం వచ్చి గాలికి తిరుగుతరు, నీళ్లు చూస్తరు."

"చూస్తరా?"

"చూస్తరు."

తడి కోసం మనుషులు పారలతో తలలు పగలగొట్టుకునే ఊరి నుంచి వచ్చిన మనిషి ఆమె. ఇన్ని నీళ్లు చూసుకోవడానికా అని ఒళ్లు మండింది. మారెమ్మ మాత్రం కట్ట మీద గాలికి ఎగురుతున్న పైటంచులు చూసి నవ్వుతోంది. ఆ పిల్ల అలా పళ్లు కనబడేలా నవ్వగలదని తల్లికి అప్పుడే తెలిసింది.

అర్ర చిన్నదే. పైన పెంకులు, కింద గచ్చు. యోహాను భార్య నిర్మలమ్మ సౌమ్యురాలు, వదినగారికి వేడి నీళ్లు తోడింది, కంచంలో అన్నం పెట్టింది. పక్కింటి నాగులమ్మది ఆలంపూరు వైపు. గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "ఇక్కడ నల్లా కాడ నీళ్లకే వంతమ్మా, ఇంక దేనికీ వంతు లేదు. ఫికరు జెయ్యకు, వచ్చేయ్" అంది. గడప మీద కాళ్లు చాపుకుని, పట్టపగలు, ఎవరి కోసమూ లేవకుండా కూర్చున్న ఆ మనిషిని నర్సింగమ్మ చాలాసేపు చూసింది. వచ్చేద్దామని ఆ రాత్రికే మనసు గట్టి చేసుకుంది.

మర్నాడు పొద్దున దుకాణం చూపిస్తానని యోహాను ముందు నడిచాడు. సాగరు పక్కనే పొడుగాటి సున్నపు గోడ వచ్చింది. దాని మధ్య ఏనుగు పట్టేంత తలుపు. తలుపుకు అటొకడు ఇటొకడు తలపాగాలతో జవాన్లు. నర్సింగమ్మ టక్కున చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. తల వంచుకుని, గోడకు దూరంగా, దారికి అంచున నడిచింది. ఇదంతా ఆమె ఆలోచించి చేసింది కాదు. కాళ్లే చేశాయి.

యోహాను వెనక్కి వచ్చాడు. "ఏమైందక్కా, చెప్పు తెగిందా?"

"ఎవరి గడీ తమ్మీ ఇది?" అంది గొంతు తగ్గించి.

అంతలో తలుపు తెరుచుకుంది. గోచీ కట్టిన మనిషొకడు రెండు ఎర్ర గుర్రాలను పట్టుకుని బయటికొచ్చాడు. లోపలంతా వరసగా కట్టేసిన గుర్రాలు, గడ్డి మోపులు.

"గడీ గాదక్కా. సిపాయిల పల్టను గుర్రాల కొట్టం."

గుర్రాలవాడు ఆమె చేతిలోని చెప్పులు చూశాడు. సంగతి అర్థమైంది కాబోలు, తనూ ఏ ఊరి నుంచో వచ్చినవాడే అయి ఉంటాడు, నవ్వకుండా పక్కకు తప్పుకున్నాడు. వాడు నవ్వినా ఆమెకు అంత మండేది కాదు. గుర్రాల లద్దెకు వంగి నడిచిందన్నమాట. దొర ఇక్కడ లేడు, గుమాస్తా లేడు, అరవై మైళ్ల దూరంలో ఉన్నారు. అయినా ఆమె కాళ్లలోనే వచ్చి కూర్చున్నారు.

చెప్పులు కింద పడేసి తొడుక్కుని, పిల్ల ఏదని వెనక్కి తిరిగింది. మారెమ్మ గోడకు దూరంగా నిలబడి ఉంది. కొత్త చెప్పులు రెండూ రొమ్ముకు హత్తుకుని, తల వంచుకుని, కళ్లు నేల మీద పెట్టి.

"నిన్నెవరు ఇడువమన్నరే?"

"ఎవరనలే."

"మరి?"

"నువ్వు ఇడిచినవు గద అమ్మా."

నర్సింగమ్మ అక్కడే సాగరు గట్టున కూలబడింది. అప్పుడు మొదలుపెట్టింది తిట్లు. దొరను తిట్టింది, దొర తండ్రిని తిట్టింది. దినాలు పంచిపెట్టిన తాతను తిట్టింది. కట్టుబాటు తెలిసిన కిష్టయ్యను తిట్టింది. చావడానికి వేరే ఏడాది దొరకనట్టు ఈ ఏడే చచ్చినందుకు జంగమ్మ మొగుడిని, పుట్టడానికి వేరే ఇల్లు దొరకనట్టు ఆ ఇంట పుట్టినందుకు పసిపిల్లను తిట్టింది. ఊరుకున్నందుకు సోమన్నను తిట్టింది. అందరూ అయిపోయాక తనను తాను తిట్టుకుంది, అన్నిటికంటే ఎక్కువసేపు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చూసుకోండి, నీళ్లు చూస్తారు కదా, ఇదీ చూడండి అన్నట్టు ఆమె తగ్గలేదు.

"అయిందా అక్కా?" అన్నాడు యోహాను పక్కన కూర్చుని. "బావను తోలుకొని వచ్చేయ్. మాదిగవాడనంత నీ మెడకు కట్టుకుంటవా?"

"జంగమ్మ పిల్ల నడిచేదాక నేను రాను" అంది. "రెండు దినాలు గడీల ఉంటే ఆ పిల్ల పాలు లేక చస్తది. అది చస్తే నేనీడ గడప మీద కాళ్లు చాపుకొని కూసోలేను."

"అప్పటిదాక షావుకారు ఆగడు. అర్ర గూడ పోతది."

"పోతే పోనీ. గడీ వాళ్లకు ఊరంత కోపమొస్తే రానీ. కానీ ఇది మాత్రం మళ్ల ఆ ఊరికి రాదు." మారెమ్మ భుజం పట్టుకుని తమ్ముడి ముందు నిలబెట్టింది. "నీ ఇంట్ల ఉంటది. నిర్మలకు పనిల సాయం జేస్తది. మిషను బడికి తోలు. నేనొచ్చి తీసుకపోత అన్నా తోలకు."

మారెమ్మకు ఏడుపొచ్చింది. దగ్గరికి తీసుకుంటే తనకూ వచ్చేస్తుందని నర్సింగమ్మకు తెలుసు. అందుకని, "ఏడిస్తే వీపు పగులుతది" అని కసిరింది. పిల్ల చెంగు పట్టుకుని వదల్లేదు. ఒక్కొక్క వేలే విడదీసి, వెనక్కి చూడకుండా మోటారెక్కింది. చిట్యాల వచ్చేదాకా పక్కన కూర్చున్న ముసలమ్మతో అకారణంగా తగువాడింది.

బుధవారం మధ్యాహ్నం ఒంటరిగా ఇల్లు చేరిన భార్యను చూసి సోమన్న చేతిలోని తోలు కుట్టే ఆరె ఆగిపోయింది. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. లష్కరు లేదు, జీనుల పని లేదు, పిల్ల అక్కడే. కోప్పడతాడేమో అనుకుంది. కోప్పడితే బాగుండుననీ అనుకుంది.

"మంచి పని జేసినవ్" అన్నాడు. మళ్లీ తోలు వైపు తిరిగాడు గాని, చాలాసేపు కుట్టు వేయలేకపోయాడు.

బేస్తవారం నర్సింగమ్మ గడీకి పోయింది. వాకిలి సగం ఊడ్చేసరికి గుమాస్తా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నీ పిల్ల ఊళ్లె కనబడుతలేదేందే?"

"లష్కర్ల ఉంది."

"ఎప్పుడొస్తది?"

"రాదు."

మాట చివర దొరా లేదు, బాంచెన్ లేదు. పశువుల కొట్టం దగ్గరున్న జీతగాళ్లు పని ఆపి తలెత్తారు.

"ఎవర్నడిగి తోలినవ్?"

"ఎవర్ని అడగలే. నా బిడ్డ. నేనే తోలిన."

గుమాస్తా చేతికర్ర అందుకున్నాడు. నర్సింగమ్మ చీపురు కింద పెట్టి, నడుము నిటారుగా చేసి, అతను అరుగు దిగి దగ్గరికి వచ్చేదాకా అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.