అత్త తలలో నీరు

మా అత్తంటే నాకు పడేది కాదు. దాచడం దేనికి? కళింగపట్నంలో చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగిన మనిషి, ఆ ఏడాది అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. పాదాలు నేలకి అంటుకుపోయినట్టు ఈడ్చేది. చీర తడుపుకునేది. ఉతికేది నేనే. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోయేది. అందరూ వయసన్నారు. శ్రీకాకుళంలో డాక్టరు మాత్రం తలలో నీరు చేరిందేమో అన్నాడు. ఆ నీరు ఎలా కదులుతోందో స్కానులో చూడాలి, అదే జబ్బయితే గొట్టం వేసి నీటిని పొట్టలోకి మళ్లిస్తే మళ్లీ నడుస్తుంది అన్నాడు.

స్కానుకి వారం గడువుంది. మా వదిన, అంటే అత్త కూతురు, తల్లిని చూసుకుంటానని దిగింది. వస్తూనే నీళ్ల బిందె దాచేసింది. మా వైపు తలకి నీరు పడుతుందని బాలింతకి మంచినీళ్లు కొలిచి ఇస్తారు. అదే పథ్యం ముసలామెకి పెట్టింది.

"డాక్టరు తాగొద్దనలేదు వదినా" అన్నాను.

"తాగితే తలకే ఎక్కుతాది. మాయమ్మ సంగతి నీకెందుకే?" అని మీదికొచ్చింది.

మా ఆయన అక్క మాట దాటడు. నేను చాటుగా తాగించిన నీళ్లు అత్తకి గుర్తుండేవి కావు.

విజయనగరంలో స్కాను. అత్త వేలికి క్లిప్పు తగిలించి యంత్రంలోకి పంపారు. గుండె కొట్టుకోవడాన్ని బట్టి బొమ్మలు తీస్తారట. టెక్నీషియన్ నాకూ వదినకీ తెర చూపించాడు. మెదడు నడుమ సన్నటి దారిలో నీరు, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెల్లగా కిందికి, నల్లగా పైకి పోతోంది.

"ఇది తాగిన నీరు కాదమ్మా, మెదడులోనే ఊరుతుంది. నీళ్లు మానేస్తే తగ్గదు" అన్నాడు.

వదిన వింది. నాకు ఆవిడ చెంప పగలగొట్టాలనిపించింది.

అత్తని బయటికి తెచ్చాక సీసా నోటికందించాను. గటగటా తాగి నావైపు చూసింది.

"నీ పురిటప్పుడు నాను నీల్లియ్యలేదని పగ తీర్సుకున్నావేటే? ఇన్నాల్లూ నా గొంతెండగట్టీసినావు."

వదిన కిటికీ వైపు తిరిగింది.

డాక్టరు అదే జబ్బన్నాడు. ఆపరేషన్ చేయించాం. అత్త లేచింది, నడిచింది, మళ్లీ గంపెత్తింది. మతిమరుపు కూడా చాలావరకు పోయింది. ఆ ఒక్క మాట మాత్రం పోలేదు. చేపలమ్మే ప్రతి గుమ్మంలోనూ, కోడలు నన్ను దాహంతో చంపబోయిందని చెప్పేది. వదిన ఎదురుగా కూడా చెప్పేది.

"ఎంత కస్టపడినావే అమ్మా" అని వదిన కళ్లొత్తుకునేది.