కామేశ్వరి కొయ్యదిండు

దోర్నాల చెక్‌పోస్టు దాటి నాలుగు మలుపులు తిరిగేసరికి శ్రీశైలం బస్సు టైరు పంక్చరైంది. అందరూ దిగి నీడ వెతుక్కున్నారు. కామేశ్వరి వెతుక్కున్న నీడలో అప్పటికే ఒక గొర్రెల కాపరి వెల్లకిలా పడుకొని ఉన్నాడు. అతని మెడకింద వస్తువు చూడగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. జానెడెత్తు నల్లకొయ్య, పైన నెలవంకలాంటి వంపు, కింద కాడ చుట్టూ జడలా అల్లిన చెక్కడం.

"అది ఆఫ్రికాది కదన్నా?"

అడిగినావిడ ఆఫ్రికా చూడలేదు. మద్రాసే ఒక్కసారి చూసింది. భర్త వీరరాఘవయ్యది మార్కాపురంలో పలకల వ్యాపారం. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన ఆ కొత్తలో ఆయన పలకలు ఓడెక్కి ఆఫ్రికాలోని మొంబాసా రేవు దాకా పోయేవి. మన కొండరాయి మీద అక్కడి పిల్లలు వాళ్ల అక్షరాలు దిద్దుకుంటున్నారంటే, భూగోళం పుస్తకంలో కనబడినంత పెద్దదేం కాదనిపిస్తుంది. సరే, అక్కడి వర్తకుడొకాయన ఒకసారి కొయ్యముఖం కానుక పంపాడు. వీరరాఘవయ్య దాన్ని దిష్టిబొమ్మగా వాకిట్లో కట్టబోతే, కామేశ్వరి లాక్కొని హాల్లో పెళ్లిఫోటో పక్కన తగిలించింది. ఆ తరువాత పోయిన ప్రతి సరుకుకూ ఒక బొమ్మ అడిగి తెప్పించుకుంది. పొద్దున్నే కాఫీగ్లాసుతో వాటి ముందు కూర్చొని, ఈ ముక్కు మా మేనత్తది, ఈ మూతివిరుపు అచ్చం మా ఆడబిడ్డదే అని మురిసిపోయేది. దసరా కొలువులో పైమెట్టు వాటిదే.

కాపరి ఎర్రయ్య లేచి కూర్చున్నాడు. "పెద్దయుద్ధంలో ఆ ఆఫ్రికాలోనే అబిసీనియా పోయినానమ్మా, పటాలం కంచరగాడిదలు తోలేదానికి. ఆడ మా మాదిరే గొర్లు కాసేటోడొకడు ఇది ఇచ్చి, నా కంబళి తీసుకున్నాడు."

"నాకు అమ్ముతావా?"

"కొన్నదయితే అమ్ముదును. మార్చుకున్నదాన్ని అమ్మేదేంది?"

"అట్లయితే మార్చుకుందాం" అని కామేశ్వరి బస్సెక్కి, పరుపుచుట్టలోంచి తన బూరుగుదూది దిండు తెచ్చింది. గలీబు మీద ఆమె కుట్టిన చిలకలు.

ఎర్రయ్య నొక్కి చూసి నవ్వాడు. "మెత్తందాని మీద మొద్దునిద్ర పడతాది తల్లీ. దీనిమీదయితే ఆకు కదిలినా మెలకువొస్తాది. మంద కాసేటోనికి ఇదే."

"మంద ఇప్పుడెవరు కాస్తాండారు?"

"నా కొడుకు."

"మరి నీకేంటికన్నా మెలకువ?"

ఎర్రయ్య గడ్డం గోక్కున్నాడు. "ఇన్నేండ్లూ కొయ్యమీద పండుకున్న తల. దూది మీద నిద్రపట్టిందా, ఇది నీది. పట్టలేదా, మళ్లీ అడగొద్దు."

కొయ్యను పక్కన పెట్టి, దూదిదిండు వేసుకొని కళ్లు మూశాడు.

కామేశ్వరికి ఆ క్షణం నుంచీ లోకమంతా చప్పుళ్లే. క్లీనరు చక్రం బాదుతుంటే పరుగెత్తింది: "మెల్లగా నాయనా, పసిబిడ్డను నిద్రపుచ్చినట్టు కొట్టు." టైరు బిగించాక డ్రైవరు హారన్ కొట్టబోతే చెయ్యి అడ్డంపెట్టి, జనాన్ని తానే చెట్టుచెట్టుకూ పోయి సైగలతో పిలుచుకొచ్చింది.

"కొండకు పోతా ఈ బేరాలేంది?" అన్నాడు వెంట వచ్చిన వీరరాఘవయ్య.

"ఉష్" అంది.

చెట్టుకింద గురక మొదలైంది. ముందు సన్నగా, తరువాత బస్సింజనుతో పోటీగా.

కామేశ్వరి కొయ్యదిండును మెల్లగా ఎత్తి కొంగులో చుట్టుకుంది. మార్కాపురంలో ఏ ఇంటికి పోయినా గడపలో నిలబడి పోయొస్తానని గంటసేపు చెప్పే మనిషి.

"చెప్పి రాకపోతివా?" గుసగుసగా అడిగాడు వీరరాఘవయ్య. "రాత్రి సత్రంలో దేని మీద పండుకుంటావు?"

ఆమె కొంగు గట్టిగా పట్టుకొని, చెప్పులు చేతిలోకి తీసుకొని, వెనక్కి చూడకుండా మునివేళ్ల మీద బస్సువైపు నడిచిపోయింది.